‘మనమే చూసుకుందాంలే’ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కట్టబోయే ఇంటి అంచనా కాగితంలో ‘కాంట్రాక్టరు లాభం’ అన్న వరుసను ఎర్ర సిరాతో కొట్టేసిన పూట మీరు పుట్టారు. మిగిలిందనుకున్న డబ్బును ఆ సాయంత్రానికే కిటికీలకీ, వంటింటి అలమరాలకీ పంచేశారు కూడా. మీ చురుకుదనానికి దండం. వరుస పోయింది గానీ, దాని వెనకున్న పని మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడది మీ మెడలో ఉంది.

బేరమాడి కొనడంలో మీరు దిట్ట, ఒప్పుకుంటాం. చవగ్గా దొరికిందని స్లాబ్‌కి కావలసిన సిమెంటును పునాదులనాడే దింపించి, నేలమీదే గోడకి ఆనించి పేర్పించారు. మూడు నెలలు తిరిగేసరికి దాని బలంలో దాదాపు ఐదో వంతు గాలిలోని తేమకే ధారపోశారు. 12 ఎం.ఎం. కడ్డీ మీటరుకి 0.89 కిలోలు తూగాలని తెలిసి తూకం దగ్గర గంటసేపు నిలబడ్డారు. కడ్డీలు కట్టడానికి టన్నుకి పది కిలోల దాకా బైండింగ్ వైరు కావాలన్నది మాత్రం లెక్కలోకి రాలేదు.

ఇక స్లాబ్ రోజు. కడ్డీల కింద కుర్చీలు కావాలని మేస్త్రీ ముందురోజే అడిగితే, ప్లాస్టిక్‌వి రెండు తెప్పించిన ఘనత మీదే. ఆయన అడిగింది పైవరుస కడ్డీలు కుంగకుండా మోసే ఇనప కుర్చీలు. బాల్కనీకి ఆధారం ఒక్క వైపే కాబట్టి బరువు పడితే లాగుడంతా పైభాగంలో ఉంటుంది, అసలు కడ్డీలూ అక్కడే ఉండాలి. మాలు మోసేవాళ్ల కాళ్ల కింద అవి కిందికి దిగిపోతున్న వేళకి మీరు మాలు కూరే వైబ్రేటరుకి పెట్రోలు కోసం పరిగెత్తారు. మాలు గట్టిగా ఉందని ఎవరో దాన్ని కలిపే మిల్లర్‌లోకి నీళ్ల గొట్టం వదిలింది కూడా అప్పుడే. ఇసుకలో ఉన్న తడితో కలిపి, బస్తాకి 30 లీటర్లు దాటకూడని నీళ్లవి! మాలు గంజిలా జారింది, పోత చకచకా అయిపోయింది. ‘పని భలే సాగింది’ అని మురిసింది మీరొక్కరే. కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు పోతకు ముందే స్లాబ్‌లో ఉండాలన్న సంగతి మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి చెప్పాడు.

స్లాబ్ గట్టిపడేదాకా కింద నుంచి మోసే పోట్లకి రోజువారీ అద్దె చూసి మీ ప్రాణం గిలగిల్లాడుతుంది. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబ్ కింద అవి 14 రోజులైనా ఉండాలి. మీకు పదో రోజే చాలనిపిస్తుంది.

బాత్రూమ్ సంగతి ఇంకా ముచ్చట. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు నిలగట్టి 48 గంటలు కింద తడి చూడాలి. మీరు అదీ చేయించారు, భేష్. ఆ తర్వాత ప్లంబర్ వచ్చి, నేలమీది నీళ్లు పోయే ట్రాప్ జరపాలని ఆ పూతనే ఉలితో చెక్కాడు. అతన్ని ముందు పిలవాల్సింది మీరే. ఇప్పుడు కింది గది కప్పులో చెమ్మ. పైపులు బిగించినవాడు టైల్స్ వేసినవాణ్ణి చూపిస్తాడు, అతను పూత వేసినవాణ్ణి. అందరూ శ్రోత్రియులే, రొయ్యల బుట్ట ఏమైనట్టు? ఇంతకుముందైతే ముగ్గురి తిట్లూ తినడానికి ఒక మనిషి ఉండేవాడు. లాభం అని మీరు కొట్టేసిన దాంట్లో ఆ తిట్లు తిన్నందుకిచ్చే కూలీ కూడా ఉంది.

ఇట్లు,
ఎర్ర గీత కింద ఇంకా చదవడానికి వీలుగానే ఉన్న
ఆ వరుస

తా.క.: తలుపు చట్రాలు నిన్న బిగించేశారట. పూర్తయ్యే నేల నుంచి మీటరు ఎత్తున గదులన్నిటికీ ఒకే లెవెల్ గీత కొట్టించారా? టైలు, దానికింద మాలు కలిపి నేల దాదాపు 50 ఎం.ఎం. పైకి లేస్తుంది, తలుపులు దానికి తగలకుండా తిరగాలి. టైలు మందం ఇంకా ఖరారు కాలేదని విన్నాం.