ప్రకృతికి హాజరుపట్టీ పెట్టాలి

ప్రకృతికి క్రమశిక్షణ లేదు. టికెట్ కొని, టోపీ పెట్టుకుని, గైడ్ వెనకాల తీరం పార్కులో నడిచిన బాధ్యతగల పౌరులెవరూ దీన్ని కాదనలేరు. నడక పదకొండింటికని బోర్డు మీద రాసే ఉంటుంది. మనం పదకొండింటికే హాజరవుతాం. పక్షులు రావు, పీతలు రావు, ఆఖరికి సముద్రం కూడా రాదు.

పక్షులు తెల్లారగానే పని కానిచ్చేసి ఆకుల చాటుకి చేరి, నోళ్లు తెరుచుకుని రొప్పుతుంటాయి. వాటికి చెమట గ్రంథులు లేవనీ, ఒళ్లు చల్లబడేది అలాగేననీ గైడ్ వాటి తరఫున సంజాయిషీ ఇస్తాడు, ఉన్న ఒక్క చెట్టు నీడలో తను నిలబడి, మనల్ని ఎండలో నిలబెట్టి. మనకా, తలా 20 నుంచి 40 లక్షల గ్రంథులు. అన్నీ ఓవర్‌టైమ్ చేస్తున్నాయి. కానీ చెమట ఆరితేనే కదా చల్లదనం? తీరం గాలిలో అప్పటికే బోలెడంత తేమ, చెమట ఆరడానికి అది ఒప్పుకోదు. ఒళ్లు బిల్లు పెడుతూనే ఉంటుంది, పై నుంచి శాంక్షన్ రాదు.

ఇక సముద్రం. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అడిగితే చంద్రుడి వల్ల అంటారు. ఆలస్యానికి కారణం ఎప్పుడూ సీట్లో లేనివాడి మీదకే నెడతారు, ఇది ఏ ఆఫీసులోనైనా ఉన్నదే.

నీళ్లు దిగిన బురదలో ఒకే ఒక ఫిడ్లర్ పీత డ్యూటీలో కనిపించింది. మగది. ఒక చెయ్యి ఉందా లేదా అన్నట్టుంటే, రెండోది దాదాపు ఒంటంత ఉంది. ఆ పెద్ద చేతిని ఎత్తి దించి, ఎత్తి దించి ఎవరినో పిలుస్తోంది. ఆడపీత కోసమట. మా బృందంలో ఒక పెద్దాయన తననే పలకరిస్తోందనుకుని తిరిగి చెయ్యి ఊపారు. అది చటుక్కున కలుగులోకి దూరింది. ప్రజలతో మాట్లాడే పద్ధతి ఇదేనా?

చెట్లే కాస్త నయం, చోటు వదలవు. మడచెట్టు బురదలో ఊపిరాడక వేళ్లను మేకుల్లా పైకి పొడిచి గాలి పీలుస్తుంది. తాగిన ఉప్పును ఆకుల మీదకు వదిలేస్తుంది. నాకి చూడండన్నాడు గైడ్. అందరూ వరసగా నాకారు. ఉప్పు కోసం ఆకు దాకా ఎందుకు, ఆ వేళకి ఎవరి పై పెదవి వాళ్లకు చాలదా?

ప్రతి ఖాళీ కొమ్మ దగ్గరా గైడ్‌ది ఒకటే మాట: "పొద్దున్నే వచ్చుంటే కనిపించేవండీ." అయితే నడక ఆరింటికే పెట్టొచ్చుగా అని కొందరు అమాయకులు అడిగారు. ఆరింటికి టికెట్ కౌంటర్ తెరవరు. కౌంటర్ వేళలు మార్చడమంటే మాటలా? పోటు వేళలు మార్చడమే సులువు. దానికో కమిటీ వేస్తే సరి.

ఈలోగా, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా నడి నెత్తి మీదే డ్యూటీ చేసిన సూర్యుడికి ఉత్తమ ఉద్యోగి అవార్డు ఇవ్వాలని మా బృందం ఏకగ్రీవంగా తీర్మానించింది. సన్మానం మాత్రం ఏసీ హాల్లో పెట్టాలి.