ఆ పిల్ల అన్న 'సంపిండ్రు'లో తప్పేముంది?

పొద్దున ప్రార్థనలో జరిగింది. రాత్రయినా నా కోపం దిగలేదు.

హనుమకొండ దగ్గర మా బడిలో రోజూ ప్రార్థనప్పుడు ఒకరు పేపర్ చదివి, చదివింది సొంత మాటల్లో చెప్పాలి. ఈరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి వంతు. 'గాజాలో వైమానిక దాడి, చిన్నారుల మృతి' అని చదివింది. "విమానాలకెల్లి బాంబులేసి పిల్లలను సంపిండ్రు" అని చెప్పింది. పక్కనున్న సారొకాయన మైకు గుంజుకుని, "సంపిండ్రు ఏందమ్మా? మృతి చెందారు అనాలి, పేపర్ భాష నేర్చుకో" అన్నారు. బడంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకుని వరుసలోకి పోయింది.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ని. వాక్యంలో కర్త ఎవరో వెతకమని ఏళ్లుగా పిల్లల వెంటపడుతున్నా. 'సంపిండ్రు' అంటే ఎవరో మనుషులు ఆ పని చేశారని క్రియే చెప్తుంది. ఎవరు సంపిండ్రు అని వెంటనే అడగబుద్ధవుతుంది. 'మృతి చెందారు' అంటే ఏం అడుగుతాం? జ్వరమొచ్చి పోయినా మృతే, బావిలో పడి పోయినా మృతే, నిద్రపోతున్న ఇంటిమీద బాంబేసినా మృతేనా? మన కర్మణి వాక్యం కూడా 'రావణుడు రామునిచేత చంపబడెను' అని చంపినవాడి పేరు చెప్తుంది. వార్తలో ఆ 'చేత' కూడా లేదు.

విదేశీ వార్తలను మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లిష్ ఏజెన్సీల నుంచే దించుకుంటారు, ఆ జబ్బు కూడా అక్కడి నుంచే అంటింది. 2022 మే 11న పాలస్తీనాలోని జెనిన్‌లో అల్ జజీరా టీవీ విలేకరి షిరీన్ అబూ అక్లేను కాల్చి చంపారు. ఒంటిమీద 'ప్రెస్' అని రాసున్న జాకెట్ ఉంది, తూటా తలకు తగిలింది. న్యూయార్క్ టైమ్స్ మొదట పెట్టిన హెడ్డింగులో ఆమె 51 ఏళ్లకు చనిపోయారని ఉంది. వయసు రాశారు, తూటా రాయలేదు!

అదే ఏడాది ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పడ్డప్పుడు ఎవరు దాడి చేశారో, ఎవరి ఇల్లు కూలిందో, ఆ ఇంట్లో ఎవరున్నారో పూసగుచ్చినట్టు రాశారు. అట్లాగే రాయాలి, నేను కాదనను. కానీ ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో నిలబడి అమెరికా టీవీ చానెల్ సీబీఎస్ విలేకరి ఏమన్నాడు? ఇది ఇరాకో అఫ్గానిస్తానో కాదు, కాస్త నాగరికమైన, కాస్త యూరప్ లాంటి నగరం అన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. కానీ మనసులో ఉన్నదే కదా నోట్లోకి వచ్చింది.

ఈ మాటల మాయ మనకు కొత్తా? 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ట్యాంకులేసుకుని హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. పెట్టిన పేరు పోలీస్ యాక్షన్. నిజాం అప్పటికే ఐక్యరాజ్యసమితి గడప ఎక్కాడు. యుద్ధమంటే ప్రపంచం తలదూరుస్తుంది, అందుకని ఇంటి వ్యవహారం అన్నారు. రజాకార్ల పీడ పోయిందని మా నాయనమ్మ ఆ రోజులు తలుచుకుని సంబురపడేది. అయినా "పోలీసులకు అంత పెద్ద ఫిరంగులు ఎక్కడియిరా?" అని అడిగేది. బడి మొహం చూడని మనిషికి వచ్చిన అనుమానం చదువుకున్నోళ్లకు ఎందుకు రాదు?

అసలు నా కడుపుమంట ఇంకోటుంది. మన తెలంగాణ మాటను సినిమాలో రౌడీకి, పనివాడికి పెట్టి ఎన్నేళ్లు నవ్వుకున్నారు! మడికొండలో పెరిగిన కవి కాళోజీ పుట్టినరోజని ఏటా సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం చేస్తాం. పోయినేడు ఇదే సారు, ఇదే మైకులో మన యాస గొప్పదని అరగంట మాట్లాడారు. యాస అట! వాళ్లది భాష, మనది యాస. అట్ల పొగిడిన మాటలో ఒక పిల్ల ఒక్క వాక్యం చెప్తే ఓర్వలేకపోయారు.

మధ్యాహ్నం ఆమె నోట్‌బుక్ చూశా. 'సంపిండ్రు' మీద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టి, పైన గుండ్రటి అక్షరాలతో 'మృతి చెందారు' అని రాసుకుంది. "నేను తప్పు చెప్పిన్నా సార్?" అని అడిగింది. "లేదు బిడ్డా, నువ్వే సరిగ్గ చెప్పినవ్" అన్నా. కానీ అది ఆమె ఒక్కదానికే చెప్పా. నవ్విన వాళ్లెవరూ వినలేదు. రేపు ప్రార్థనలో మైకు నేనే అడిగి తీసుకుంటా. ఆ సారు కూడా అక్కడే ఉంటారు.