ఒంటి చెప్పు మొక్కు

తిరుపతిలో చెప్పుల్లేకుండా ఎవరు కనపడినా జనం కారణం అడగరు. కొండకు మొక్కుకున్నాడనుకుని పక్కకు జరిగి దారిస్తారు. ఈ మర్యాదే మే నెలలో ఒకరోజు నా పరువు నిలబెట్టి, గంట తిరక్కుండానే తీసింది.

నేను పనిచేసేది ఊరి చివర ఒక చిన్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో. ఎవరైనా అడిగితే ‘నీళ్ల డిపార్ట్‌మెంట్’ అంటాను. పెళ్లిచూపుల్లోనూ అదే చెప్పాను. నిజానికి ఊరి సంగతులు పేపరు కంటే ముందు మాకే తెలుస్తాయి. వచ్చే నీళ్లలో చెత్తను ఆపే జల్లెడ దగ్గర నిలబడితే చాలు. కమ్మీలకు వెంట్రుకలు ఎక్కువగా చుట్టుకున్నాయంటే సెలవుల రద్దీ మొదలైనట్టే. గుండు చేయించుకుని లాడ్జీలో స్నానం చేసినవాళ్ల చలవ అది. గంగమ్మ జాతరలో బైరాగి వేషం సుద్ద, బండ వేషం కుంకుమ, తోటి వేషం బొగ్గు, దొర వేషం గంధం అన్నీ కడిగితే వచ్చేది మా దగ్గరికే. ఏ వేషమైనా ఇక్కడికి చేరేసరికి రంగు ఒకటే.

ఆ రోజు పొద్దున ఏడింటికి గాలి తొట్టి మీది వంతెన ఎక్కి, తాడు కట్టిన మగ్గుతో శాంపిల్ తోడుతున్నాను. అడుగు నుంచి బుడగలు తన్నుకొస్తుంటే ఆ తొట్టి మరిగే డికాషన్‌లా ఉంటుంది. మురికిని తినే సూక్ష్మజీవులకు ఆ గాలే ప్రాణం. నా కాళ్లకేమో కొత్త నీలం హవాయి చెప్పులు. ఒక సైజు పెద్దవి, అయినా బేరం తెగిందని కొన్నాను. కుడికాలిది జారి లోపల పడింది. దిగి తీసుకుందామంటే, బుడగల నీళ్లు మనిషిని మోయవు, ఈతొచ్చినవాడైనా మునుగుతాడు.

జల్లెడ చూసుకునే పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. “ఏం నైనా, ఒక చెప్పుతో తిరగతా ఉండావు? ఉంటే రెండూ ఉండల్ల, లేకుంటే రెండూ ఇడిచెయ్.”

రెండోది టేబుల్ కింద పెట్టేశాను.

పదకొండింటికి చెప్పాపెట్టకుండా తనిఖీకి ఒక పెద్ద సారు దిగాడు. నా కాళ్లు చూసి, “మొక్కా?” అన్నాడు. నేను అవునని అనలేదు. తల దించానంతే.

“నడకదారిలోనా?”

“అలిపిరి, సార్.” ఇది మాత్రం అన్నాను.

సారు మొహం కరిగిపోయింది. “మొక్కున్న మనిషి పక్కన నేను బూట్లతోనా?” అంటూ విప్పేశాడు. వెనకున్న ఇద్దరు ఇంజనీర్లు ఒకరినొకరు చూసుకుని, ఏడుపు మొహాలతో వాళ్లూ విప్పారు. మే నెల ఎండ, కింద కాంక్రీటు. మామూలుగా ప్రతి మోటారు దగ్గరా పది ప్రశ్నలడిగే తనిఖీ ఆ రోజు నీడ నుంచి నీడకు గెంతుతూ సాగింది. శుద్ధయిన నీళ్లు బయటికి పోయే కాలువ కనపడగానే సారు గట్టు మీద కూర్చుని రెండు కాళ్లూ అందులో పెట్టేశాడు. ఆ నీళ్లు స్వర్ణముఖి వైపు పోతాయనీ, ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ ఏట్లో ఇసుకే కనపడుతుందనీ నేను చెబుతున్నాను. ఆయన కళ్లు మూసుకుని, “చల్లగా ఉందయ్యా” అన్నాడు. మా నీళ్లకు ఏ ల్యాబూ ఇంత మంచి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

అక్కడితో లేచుంటే బాగుండేది. కళ్లు తెరిచి ఎదురుగా ఉన్న బురద తేరుకునే తొట్టి వైపు చూశాడు. దాని నడుమ డ్రమ్ములో నీలంగా ఒకటి తేలుతోంది.

“చెప్పా అది? ఇంతది ఇక్కడిదాకా వచ్చిందంటే మీ జల్లెడ ఏం చేస్తున్నట్టు? మెమో రాయండి.”

నేను నోరు తెరిచేలోపే పెద్దాయన గదిలోకి పరుగెత్తాడు. ఇరవై ఏళ్లుగా కాపాడుకుంటున్న జల్లెడ మరి. నా రెండో చెప్పు పట్టుకుని వచ్చాడు.

“జల్లెడ బాగానే ఉండాది సార్. దీని జత ఇది.”

సారు ఆ చెప్పు చూశాడు. నా కాళ్లు చూశాడు. కాలువలో ఉన్న తన కాళ్లు చూసుకున్నాడు. ఇంజనీర్లు అప్పటికే బూట్ల కోసం పరుగెత్తారు.

“అలిపిరి అన్నావు కదా. మొక్కు ఊరికే పోకూడదు. ఎక్కి, ఫోటో పంపు.”

మెట్లు 3,550. శనివారం గాలిగోపురం దగ్గర ఆయాసపడుతూ ఫోటో తీసి పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: “కాళ్లు కనపడటం లేదు.”