లాడం తీసిన గుర్రానికి '30 రోజుల్లో రాతి గిట్ట' మెసేజ్‌కి నా జవాబు

ఒక మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఈ వారంలోనే నాకు నలుగురు పంపారు, కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: గుర్రానికి లాడాలు పీకించేయండి, రోజూ దాణాలో రెండు చెంచాల బయోటిన్ (ఒక బి విటమిన్) పొడి, ఒక చెంచా జెలటిన్, 50 మి.లీ. ఐరన్ టానిక్, సెలీనియం (ఒక ఖనిజం) పొడి, బెల్లం కలిపిన తవుడు పెట్టండి, 30 రోజుల్లో గిట్ట రాయిలా అవుతుంది, ఇక జన్మలో లాడం అక్కర్లేదు, గిట్ట చెక్కించే పని కూడా ఉండదు. కింద రెండు ఫొటోలు, ముందు ఒకటి, తర్వాత ఒకటి.

లాడం లేకుండా గుర్రాన్ని ఉంచడం నాకు ఇష్టమే. మా ఆడగుర్రం, మార్వాడీ జాతిది, రెండేళ్ళుగా హైదరాబాద్ శివార్లలో ఎర్రమట్టి దారుల్లో లాడాలు లేకుండానే తిరుగుతోంది. అందుకే ఈ మెసేజ్ చూస్తే కడుపు మండుతుంది. దీన్ని నమ్మి లాడాలు తీయించినవాళ్ళు రెండు నెలలకు గుర్రం కుంటుతుంటే 'మన నేలల్లో లాడం లేకపోతే కుదరదు' అనుకుని మళ్ళీ మేకులు కొట్టిస్తారు. తప్పు ఎక్కడుందో చూసేవాళ్ళే ఉండరు.

ముందు ఆ 30 రోజుల సంగతి. గిట్ట గోడ మన గోరు లాంటిది. పైన వెంట్రుకలు ఆగే అంచు దగ్గర పుడుతుంది, అక్కణ్ణుంచి మెల్లగా కిందికి దిగుతుంది. నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు, అంతే. ముందు వైపు పైఅంచులో ఈరోజు పుట్టింది నేలను తాకాలంటే 9 నుంచి 12 నెలలు పడుతుంది, మడమ వైపు పొట్టి కాబట్టి ఇంకొంచెం తొందరగా వస్తుంది. ఒకసారి కిందికి దిగిన గోడలో ప్రాణం ఉండదు, మీరు దాణాలో ఏం కలిపినా అది అక్కడికి చేరదు. కాబట్టి నెల రోజుల్లో మేత వల్ల మారగలిగేది పైన ఒక సెంటీమీటరు మేర మాత్రమే. ఆ మెసేజ్‌లో రెండో ఫొటోలో పగుళ్ళు పోయింది కింది అంచు దగ్గర. అది ఆకురాయితో రుద్ది, అంచులు గుండ్రంగా చేసి, నూనె రాసిన గిట్ట. పని బాగా చేశారు, కానీ అది లాడాలు కొట్టే నాల్‌బంద్ చేతి పని, పొడి చేసింది కాదు.

ఇక బయోటిన్. ఇది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. వియన్నాలోని పేరున్న స్పానిష్ రైడింగ్ స్కూల్‌లోని లిపిజానర్ జాతి గుర్రాల మీద చేసిన ప్రయోగం 1995లో ప్రచురించారు. రోజుకు 20 మి.గ్రా. బయోటిన్ ఇచ్చారు. గిట్ట నాణ్యతలో తేడా కంటికి కనపడటానికి దాదాపు 9 నెలలు పట్టింది, పెరిగే వేగంలో మాత్రం తేడా రాలేదు. వేరే కొన్ని చిన్న ప్రయోగాల్లో 15 మి.గ్రా. లాంటి మోతాదుతో పెరుగుదల కూడా కొంత పెరిగింది, అదీ నిజమే. మొత్తం మీద తేలేది ఏమిటంటే, గిట్ట పొరలు పొరలుగా రాలిపోయే గుర్రాలకు రోజుకు 15–20 మి.గ్రా. చొప్పున ఏడాది పాటు ఇస్తే మేలు జరిగే అవకాశం ఉంది, ఆపేస్తే కొన్నాళ్ళకు చాలా గుర్రాల్లో మళ్ళీ మొదటికే వస్తుంది. మంచి పచ్చిక తినే గుర్రానికి మేతలోనూ బయోటిన్ దొరుకుతుంది, పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా తయారు చేస్తాయి, దానికి పైనుంచి పోసినా కనపడే తేడా పెద్దగా ఉండదు.

అసలు 'రెండు చెంచాలు' అనేదే తప్పు లెక్క. డబ్బా మీద కిలో పొడిలో 200 మి.గ్రా. బయోటిన్ అని ఉందనుకోండి, 50 గ్రాముల కొలత వేస్తే గుర్రానికి చేరేది 10 మి.గ్రా., అదే రెండు చెంచాలైతే నాలుగైదు మి.గ్రా. కూడా చేరదు. ఎక్కువ పడితే ప్రమాదం లేదు, ఒంట్లోంచి పోతుంది, తక్కువ పడితే మాత్రం ఏడాది డబ్బు, ఏడాది ఆశ రెండూ వృథా. కొనే ముందు లేబుల్ మీద మి.గ్రా. చూడండి, మైక్రోగ్రాములని రాసి ఉంటే వెయ్యితో భాగించండి. పదివేల మైక్రోగ్రాములు అని పెద్దక్షరాల్లో ఉన్నది నిజానికి పది మిల్లీగ్రాములే.

ఐరన్ టానిక్ దగ్గర నాకు సొంత అనుభవం ఉంది. మా గుర్రం గిట్టలు పెళుసుగా ఉన్నప్పుడు మందుల షాపులో ఇచ్చింది తెచ్చి నాలుగు నెలలు పోశాను. రక్తం పడితే గిట్ట బలపడుతుందని చెప్పారు, నమ్మాను. నిజానికి గుర్రానికి బాగా రక్తం పోతే తప్ప ఐరన్ లోపం రావడం చాలా అరుదు. గడ్డిలోనే కావలసినదానికి మించి ఉంటుంది, ఎర్రమట్టి అంటిన మేత అయితే చెప్పనే అక్కర్లేదు. పైగా అదనంగా పోసిన ఐరన్ రాగి, జింక్ ఒంటికి పట్టకుండా అడ్డుపడవచ్చు. గిట్ట గట్టిపడటానికి నిజంగా కావలసిన ఖనిజాలు ఆ రెండే. గిట్ట గోడ కెరటిన్ అనే మాంసకృత్తితో తయారవుతుంది, అది తయారు కావడానికి జింక్ కావాలి, ఆ కెరటిన్ పోగులను కలిపి బిగించడానికి రాగి కావాలి.

మన దగ్గర వరి పండించే ఏ రైతునడిగినా జింక్ లోపం గురించి చెప్తాడు, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తే జింక్ సల్ఫేట్ వేస్తారు. అలాంటి నేలలో వచ్చిన గడ్డినే మనం గుర్రానికి వేస్తున్నాం, అందులో జింక్ ఎక్కడుంటుంది? సుమారు 400 కిలోల గుర్రానికి, పెద్దగా పని లేనప్పుడు, రోజుకు 320 మి.గ్రా. జింక్, 80 మి.గ్రా. రాగి కావాలని అమెరికాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2007 లెక్క. అంటే నాలుగుకు ఒకటి. డబ్బా మీద ఈ రెండింటి అంకెలు విడివిడిగా వేయకుండా 'ఖనిజాలు' అని మాత్రమే ఉంటే నేను కొనను. ఐరన్ కలిపిందైతే అసలు కొనను. ఇంకో మాట, పొలానికి వేసే జింక్ సల్ఫేట్ చవకని తెచ్చి గుర్రానికి పెట్టకండి, అందులో సీసం లాంటివి ఉండవచ్చు. పశువుల మేతకని అమ్మేది వేరు.

జెలటిన్‌ గురించి రెండు మాటలు చాలు. గిట్టకు గంధకం ఉన్న ఎమైనో ఆమ్లాలు (మాంసకృత్తులు వీటితోనే తయారవుతాయి) కావాలి, ముఖ్యంగా మెథియోనిన్. జెలటిన్‌లో అది చాలా తక్కువ, ట్రిప్టోఫాన్ అనే మరో ఎమైనో ఆమ్లం అయితే లేనే లేదు. ఆ డబ్బులతో లూసర్న్ పచ్చిమేత కొనండి.

లూసర్న్ ఎందుకంటే, మెసేజ్ అస్సలు ఎత్తని విషయం మాంసకృత్తులు, లూసర్న్‌లో అవి ఎక్కువ. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి నాలుగు పాళ్ళు. 400 కిలోల గుర్రం రోజుకు 8 కిలోల వరిగడ్డి తింటే వచ్చేది 320 గ్రాములు, అందులోనూ అరిగేది కొంతే. దానికి కావలసింది దాదాపు 500 గ్రాములు. ఉలవలు, శనగలు ఆ లోటు పూడుస్తాయి, కాదనను, కానీ పప్పు జాతి గింజల్లో మెథియోనిన్ తక్కువ. కడుపుకు సరైన మేత లేని గుర్రానికి ఎన్ని పొడులు కలిపినా గిట్ట దేంతో తయారవుతుంది? గుండెకి, పేగులకి, కండకి పంచగా మిగిలిందే గిట్టకు వస్తుంది. అన్నిటికన్నా చివర అందేది దానికే.

సెలీనియం. ఇది మాత్రం దయచేసి జాగ్రత్తగా చదవండి. ఆ మెసేజ్‌లో మోతాదు లేదు, 'ఎంత వేసినా నష్టం లేదు' అని ఉంది. మిగతావి డబ్బు దండగ అనుకోవచ్చు, ఇది ప్రాణం తీస్తుంది. 400 కిలోల గుర్రానికి రోజుకు కావలసింది ఒక మి.గ్రా. కూడా లేదు, సుమారు 0.8. చాలాకాలం ఎక్కువైతే జూలు, తోక వెంట్రుకలు రాలతాయి, గిట్ట పైఅంచుకు సమాంతరంగా అడ్డంగా పగులుతుంది, ముదిరితే గిట్టే ఊడిపోతుంది. గిట్ట బాగుపడాలని పెట్టిన పొడి గిట్టనే తీసేస్తుందన్నమాట. 2009 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో ఒక పోలో జట్టుకు చెందిన 21 గుర్రాలు చనిపోయాయి, వాటికి ఇచ్చిన ఇంజక్షన్ మందులో సెలీనియం ఎక్కువ పడింది. మన దేశంలో పంజాబ్‌లోని నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో కొన్ని నేలల్లోనే సెలీనియం ఎక్కువ, అక్కడి పశువుల గిట్టలు దెబ్బతింటాయి. మీ మేత ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా, ఇప్పటికే వాడే మిక్స్‌లో ఎంత ఉందో చూడకుండా రెండో డబ్బా తెరవకండి. విటమిన్ ఈ - సెలీనియం పొడి ఒకటి, గిట్టల పొడి ఒకటి, జనరల్ టానిక్ ఒకటి, మూడింటిలోనూ అదే ఉంటుంది చాలాసార్లు.

బెల్లం తవుడు. గుర్రాలను చూసుకునే మన సాయిస్‌లందరికీ ఇదంటే నమ్మకం, గుర్రం ఇష్టంగా తింటుంది కాబట్టి మందు కలపడానికి ఒక ముక్క వాడితే నేనేం అనను. రోజూ అరకిలో బెల్లం మాత్రం వేరు విషయం. ఒళ్ళు చేసిన గుర్రానికి, మెడ పైన కొవ్వు గట్టిపడిన గుర్రానికి చక్కెర పెరిగితే లామినైటిస్ వచ్చే ప్రమాదం ఉంది, అందులో గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్య పట్టు సడలిపోతుంది. లాడం లేని గుర్రం అయితే రాళ్ళ మీద అడుగు వేయడానికి జంకుతుంది. దాన్నే చాలామంది 'అరికాలు పలచన, లాడం కావాలి' అంటారు. గిట్ట మీద అడ్డ గీతలు చూడండి, వాటి మధ్య ఎడం ముందు వైపు కన్నా మడమ వైపు ఎక్కువగా ఉంటే ముందు బెల్లం ఆపి డాక్టర్‌ని పిలవండి. తవుడులో భాస్వరం క్యాల్షియం కన్నా పదింతలకు పైగానే ఉంటుంది, దానికి తోడు ఇప్పుడు అందరూ వేస్తున్న సూపర్ నేపియర్ గడ్డిలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు మేతలో ఉన్న కాస్త క్యాల్షియాన్ని కూడా ఒంటికి అందనివ్వవు. ఈ రెండూ కలిస్తే ముఖం ఎముకలు ఉబ్బే జబ్బు రావచ్చు.

మెసేజ్‌లో లేదు కానీ చెప్పకుండా ఉండలేను: బలానికని కోళ్ళ దాణా, ఆవుల దాణా గుర్రానికి వేయకండి. వాటిలో కొన్నిటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, అది గుర్రానికి కొద్ది మోతాదులోనే విషం.

'ఇక చెక్కించే పని ఉండదు' అన్నది చివరి మాట. రోజంతా రాతి నేల మీద మైళ్ళ కొద్దీ తిరిగే గుర్రానికైతే గిట్ట దానంతట అదే అరుగుతుంది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనోఫోన్ గిట్టలు గట్టిపడటానికి గుర్రం నిలబడే చోట గుండ్రాళ్ళు పరచమన్నాడు. మన గుర్రాలు రోజుకు ఇరవై గంటలు తడి మట్టిలో, ఉచ్చలో కట్టేసి ఉంటాయి. మేత బాగుపడి గిట్ట బాగా పెరిగితే చెక్కించే అవసరం ఇంకా పెరుగుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి.

మా గుర్రానికి ఇప్పుడు పెడుతున్నది: గడ్డితో పాటు లూసర్న్, కొద్దిగా ఉలవలు, ఉప్పు, జింక్ - రాగి నాలుగుకొకటి లెక్కన, బయోటిన్ 20 మి.గ్రా. మేత మార్చి ఎనిమిది నెలలైంది. ఆ మార్పు జరిగిన చోట గిట్ట చుట్టూ సన్నటి గీత ఒకటి పడింది. గీత పైన గోడ నున్నగా, బిగువుగా ఉంది. కింద ఇంకా పాత గోడే, పెచ్చులూడుతోంది, అయిదు వారాలకోసారి ఆకురాయితో రుద్దుకుంటూ వస్తున్నాం. గీత నేలకు చేరడానికి ఇంకా రెండు సెంటీమీటర్లు ఉంది.