చిరంజీవి ఈ-సిగరెట్‌కు ఆశీర్వదించి రాయునది

చిరంజీవి ఈ-సిగరెట్‌కు,

ఉభయకుశలోపరి. నువ్వు కులాసాగానే ఉన్నావని తెలుసు, రాత్రంతా చార్జింగ్‌లోనే ఉన్నావు కదా. నా కులాసా సంగతి మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది.

నీ పేరు ముందు చిరంజీవి అని ఊరికే పెట్టలేదు. మీ అన్న సిగరెట్‌కు చావంటూ ఒకటుండేది. నిప్పు వేళ్ల దాకా వచ్చి చురుక్కుమనేది. పీక నలిపి పారేస్తే అప్పటికి ఆ పని అయిపోయినట్టే. నీకు మొదలే గానీ చివర లేదు. రెండు దమ్ములు లాగి జేబులో పడేస్తాను, ఐదు నిమిషాలకల్లా చెయ్యి నన్నడక్కుండానే జేబులోకి పోతుంది. అర్ధరాత్రి మెలకువ వస్తే సిగరెట్ రోజుల్లో నా బద్ధకమే నన్ను కాపాడేది. లేవాలి, అగ్గిపెట్టె వెతకాలి, బయటికి పోవాలి, ఎవరు చేస్తారులే అని అటు తిరిగి పడుకునేవాణ్ణి. ఇప్పుడు దిండు కిందే ఉంటావు. కళ్లు కూడా తెరవకుండా లాగుతాను. దుప్పట్లో నీ నీలం లైటు మిణుగురులా వెలిగి ఆరిపోతుంది.

వచ్చిన రోజున ఏమన్నావు? మాన్పించడానికే వచ్చాను, నాలుగు రోజులుండి వెళ్లిపోతానన్నావు. నీ పుట్టుక చూసి నమ్మాను. 2003లో నీకు ఇప్పటి రూపం తెచ్చిన చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ స్వయంగా గట్టి పొగరాయుడు, తండ్రిని ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పోగొట్టుకున్నవాడు. పైగా నీలో పొగాకు కాలదు, నికోటిన్ కలిపిన లిక్విడ్ వేడెక్కి ఆవిరవుతుందంతే, తారు రాదు. ఆ మేలు కాదంటే కళ్లు పోతాయి. కానీ ఏకులా వచ్చి మేకై కూర్చున్నావు. సామెత కోసం అనడం లేదు, లిక్విడ్‌ను వేడిచేసే నీ కాయిల్లో చుట్టి ఉన్నది నిజంగా దూదే.

మన లెక్కల సంగతికొద్దాం. మొదట మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న లిక్విడ్ పోశాను, రోజుకు 2 మిల్లీలీటర్లు సరిపోయేది. తర్వాత 12కి దిగాను. ఆ తర్వాత 6. మెట్టు మెట్టుగా తగ్గించేస్తున్నానని ఎదురుపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను. సీసాలు మాత్రం ఎందుకో తొందరగా ఖాళీ అవుతున్నాయి. ఒకరోజు కూర్చుని ఎక్కాలు చదివితే గుట్టు బయటపడింది. 18 రెళ్లు 36. ఆరార్లు 36. అంటే మూడో వంతు గాఢతకు దిగి, మూడింతల లిక్విడ్ తాగేస్తున్నాను. నికోటిన్‌లో చుక్క తగ్గలేదు, ఆవిరి మాత్రం మూడింతలు మింగుతున్నాను. దమ్ము సాగదీసినకొద్దీ కాయిల్ వేడెక్కి ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు పుట్టడం దీనికి కొసరు. గాఢత తగ్గిస్తే మనిషి ఎక్కువ లాగి లోటు పూడ్చుకుంటాడని పరిశోధకులు ముందే కనిపెట్టారట. నీకూ తెలిసే ఉంటుంది. బ్యాటరీ ఎంత మిగిలిందో ఠంచనుగా చెబుతావు గానీ, నా ఒంట్లోకి ఎంత పోయిందో ఏనాడూ చెప్పలేదు.

చెప్పలేక కాదులే. దమ్ము లాగగానే పసిగట్టే సెన్సర్ ఉంది, లోపల చిప్ ఉంది. ఆ తెలివితేటలన్నీ ఎటు పోయాయో చూడు. గాఢత పెరిగితే నికోటిన్ గొంతులో మంట పెడుతుంది. ఆ మంటే కాస్త అడ్డుగోడలా ఉండేది. బెంజోయిక్ యాసిడ్ కలిపి నికోటిన్ సాల్ట్ చేసి, ఆ గోడనూ కూల్చేశారు. కొన్నింటికి తెర అతికించి ఆటలు కూడా పెట్టారు! మానడానికి వచ్చినవాడికి ఆట దేనికి? నిన్ను అమ్మేవాళ్లలో పెద్ద పెద్ద సిగరెట్ కంపెనీలే ఉన్నాయి మరి. కొనేవాడు బాగుపడితే బేరం పోతుంది.

నికోటిన్ ప్యాచ్‌ని చూసి నేర్చుకో. 21, 14, 7 మిల్లీగ్రాములని మెట్లు దిగుతూ పది వారాల్లో సెలవు తీసుకుంటుంది. ఒంటికి అతుక్కునే దానికి వదలడం తెలుసు, నీకు తెలియదు. అయితే 2019లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధనలో నువ్వే దాన్ని ఓడించావులే. ప్యాచ్‌లూ, నికోటిన్ గమ్‌లూ వాడినవాళ్లలో ఏడాదికి 9.9 శాతం మంది సిగరెట్ మానితే, నీ వాళ్లలో 18 శాతం మంది మానారు. శభాష్. కానీ మానిన ఆ నీ వాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా నిన్ను పట్టుకునే ఉన్నారు. అవతలి పక్షంలో ఆ లెక్క 9 శాతమే. అన్న పీడ వదిలించి తమ్ముడు కాపురం పెట్టాడన్నమాట.

కాబట్టి నీ తర్వాత పుట్టబోయేది ఇలా ఉండాలని మనవి. సీసా మీది గాఢత కాదు, రోజు మొత్తంలో నాకు అందిన నికోటిన్ లెక్కపెట్టాలి. ఆ కోటా వారం వారం నేను పోల్చుకోలేనంత కొద్దికొద్దిగా తగ్గాలి. పది దమ్ములయ్యాక పీక అయిపోయినట్టు ఆగిపోవాలి, కాసేపు బతిమాలినా వెలగకూడదు. మొదట్లో ఆ విరామం అరగంట చాలు, తర్వాత గంట, ఆపైన పూట. రాత్రి పదింటికి తాళం పడాలి. గొంతుకు తగిలే ఘాటు మాత్రం ఉంచాలి, లేకపోతే అలిగి మళ్లీ మీ అన్న దగ్గరికి పోతాను. ఒక్కరోజు టెన్షన్‌లో తప్పు చేస్తే మొదటికి నెట్టేయకుండా, ఒక మెట్టు పైన నిలబెట్టాలి. ఫ్లేవర్ వద్దనను గానీ రంగుల లైట్లు వద్దు. చూడటానికి థర్మామీటర్‌లా ఉంటే సరి, దాన్ని ఎవరూ స్టైల్‌గా నోట్లో పెట్టుకోరు. సున్నాకు చేరిన నెల తర్వాత ఇక చార్జింగ్ ఎక్కకూడదు.

ఇట్లు,
ఆరార్లు ముప్పై ఆరువాడు

తా.క. ఈ ఉత్తరం పూర్తయ్యేలోపు ఎన్ని దమ్ములు లాగానో నిన్నడిగితే, బ్యాటరీ 41 శాతం అంటున్నావు.