ట్రైనింగ్ గారికి ఒక జూనియర్ అసిస్టెంట్ మనవి

విషయం: ఉద్యోగులు – శిక్షణ – సామర్థ్యం పెంచుట – ఇంతవరకు పెరగకపోవుట – గురించి.
సూచిక: నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చిన మీ మెసేజ్.

అయ్యా,

పై విషయం మేరకు తమకు తెలియజేయునది ఏమనగా, మీరెప్పుడూ రాత్రిపూటే వస్తారు. "రేపు ఉదయం 10 గంటలకు నల్లగొండలో విధిగా హాజరు కావలెను, గైర్హాజరు తీవ్రంగా పరిగణించబడును" అంటారు. దేవరకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి పరుగున వస్తాం. మీరు మాత్రం పదకొండున్నరకు మొదలవుతారు.

మీ దగ్గరికి ఎవరిని పంపాలో మా సూపరింటెండెంట్ గారు క్షణంలో తేలుస్తారు. పని తెలిసినవాడు పోతే సెక్షన్ ఆగుతుంది కాబట్టి, వచ్చే నెల రిటైరయ్యే పెద్దాయనను పంపుతారు. కంప్యూటర్లో ఫైళ్లు నడిపే ఈ-ఆఫీసు మీద ఆయనకు పోయినసారీ ట్రైనింగే. పాస్‌వర్డ్ మాత్రం అటెండర్ దగ్గరుంటుంది.

తెర మీద స్లైడ్ కనిపిస్తూనే ఉంటుంది, సారు దాన్నే మాకు చదివి వినిపిస్తారు. చదువొచ్చిన వాళ్లకే ఉద్యోగాలిచ్చారని ఆయనకెవరూ చెప్పలేదేమో! హాజరు పట్టీ వెనక వరుసకు చేరేసరికి లంచ్ అవుతుంది. సంతకం పడ్డాక వెనక వరుసే ఉండదు. అది తెలిసే కాబోలు, ఫీడ్‌బ్యాక్ ఫారం పొద్దున్నే నింపించుకుంటారు. అందులో అందరం 'చాలా బాగుంది'కే టిక్కు పెడతాం.

ఢిల్లీలో ఉన్న మీ చుట్టం, కేంద్ర ఉద్యోగుల శిక్షణ పథకం మిషన్ కర్మయోగి నయం. 2020 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. దాని ఆన్‌లైన్ పోర్టల్ ఐగాట్‌లో వీడియో పెట్టుకుని ఇంట్లోనే కోర్సు పూర్తి చేయొచ్చు. మా పక్కింటి కేంద్ర ఉద్యోగి నాయకత్వ లక్షణాల వీడియో పెట్టి బెండకాయలు కోసుకుంటాడు. ఫలం ఆశించని కర్మ అంటే ఇదే కావచ్చు.

మీ అన్నగారు డిపార్ట్‌మెంటల్ టెస్టు అంటే మాత్రం భయమే. మే, నవంబర్ సెషన్లని తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీజీపీఎస్సీ) పెడుతుంది, పాసైతేనే ప్రమోషన్. కొన్ని పేపర్లు పుస్తకాలు చూసి రాయొచ్చు. అయినా తప్పుతాం. ఆ పుస్తకం మేం మొదటిసారి తెరిచేది పరీక్ష హాల్లోనే మరి.

కెరీర్ డెవలప్‌మెంట్ సంగతి మాత్రం మా పాత గ్రామ రెవెన్యూ అధికారులను (వీఆర్వోలను) అడగాలి. 2020లో ఆ పోస్టులే ఎత్తేశారు. 2022లో లాటరీ తీసి తలో శాఖకు పంపారు. పహాణీ చూసి పొలం ఎవరిదో చెప్పే మనిషికి ఏ శాఖ చీటీ వస్తే అదే గతి. ఆ పని ఒంటబట్టేసరికి 2025లో గ్రామ పాలన అధికారులు కావాలి, పరీక్ష రాసి రండి అన్నారు. ఏళ్లతరబడి చేసిన పనికి అర్హత పరీక్ష! ఈలోపు భూరికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది, ధరణి కోసం తీసుకున్న ట్రైనింగులన్నీ దాంతోపాటే పోయాయి.

నాకు పని నేర్పింది పక్క సీటు అక్క. "తమ్మీ, నోట్ ఫైల్ల పేరా నంబర్లు వెయ్యకుంటే ఫైలు వాపస్ వస్తది" అని నా పెన్ను లాక్కుని వేసి చూపించింది. ఆమెకు ఏ సర్టిఫికెట్టూ లేదు.

కావున మనవి ఏమనగా, ఈసారి మీరే మా సెక్షన్‌కు రండి. పాస్‌బుక్కులో తప్పు దిద్దమని రైతు వచ్చి నిలబడే వేళకు వస్తే, అక్క పక్కనే కుర్చీ వేయిస్తాం. టీఏ మాత్రం అడగొద్దు, మా పోయినేడాది బిల్లులే ఇంకా రాలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
జూనియర్ అసిస్టెంట్ (ఇప్పటికీ)