మహారాజశ్రీ స్కాన్ పీడీఎఫ్ గారికి

మహారాజశ్రీ స్కాన్ పీడీఎఫ్ గారి సముఖమునకు నమస్కారములు.

ఉభయకుశలోపరి. పియానో నోట్ల పుస్తకాల స్కాన్ల రూపంలో, పైసా ఖర్చు లేకుండా బాఖ్ నుంచి బార్టోక్ దాకా అందరినీ వెంటబెట్టుకుని మా ఇళ్ళలోకి దయచేశారు. బేతోవెన్ సొనాటాలు 32, షోపెన్ ఎత్యూడ్‌లు 27, బార్టోక్ మైక్రోకాస్మోస్ ఆరు సంపుటాల్లో 153. అన్నీ ఒక్క రాత్రిలో దిగిపోయాయి. వాయించడం సంగతంటారా, తరవాత చూసుకోవచ్చు. ముందు ఫోల్డరు నిండాలి గదా!

తమరి మేలు మరిచేంత కృతఘ్నులం కాము. తమరి పుట్టినిల్లు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పి, అంటే సంగీతం నోట్లు ఉచితంగా ఇచ్చే వెబ్‌సైటు, 2006లో మొదలైంది, 2007లో ఒక ప్రచురణకర్త లాయరు నోటీసుతో మూతబడింది, 2008లో మళ్ళీ తలుపులు తెరిచింది. అంతటి కష్టం పడి వచ్చిన వారిని మాట అనడానికి నోరు రావడం లేదు. అయినా అనక తప్పదు.

చిక్కేమిటంటే, తమరు ఒంటరిగా రారు. కాపీరైటు తీరిన స్కాను అంటే చాలా మటుకు పాత ముద్రణ. పాత ముద్రణంటే వెనకాల ఒక పాత ఎడిటరుగారు ఉంటారు. బాఖ్ వెల్-టెంపర్డ్ క్లావియర్ మొదటి పుస్తకం (1722) చూడండి. ఆయన రాతప్రతిలో గట్టిగా వాయించు, మెల్లగా వాయించు అన్న గుర్తులు దాదాపు లేవు. వేళ్ళ నంబర్లూ లేవు. బేతోవెన్ శిష్యుడు చెర్నీగారు 1837లో ఆ లోటు తీర్చేశారు. బేతోవెన్ వాయించగా విన్న జ్ఞాపకం కూడా ఆధారమన్నారు. పాపం, తాము వాయిస్తున్నది బాఖ్‌నో, చెర్నీ చెవిలో మిగిలిన బేతోవెన్‌నో పిల్లలకు తెలియదు.

ఆ పుస్తకంలో మొదటి ప్రెల్యూడ్‌నే దగ్గరగా పట్టుకు చూద్దాం. సి మేజరు, 35 బార్లు (నిలువు గీతల మధ్య గళ్ళు). 22వ బారులో ఎడమచేతి అడుగు స్వరం ఎఫ్-షార్ప్. 23లో ఎ-ఫ్లాట్. ఈ గెంతు ష్వెంకే అనే పెద్దమనిషికి మింగుడుపడలేదు. మధ్యలో జి పెట్టి ఒక బారు సొంతంగా కూర్చారు. ఆ కూర్పు చెర్నీ ముద్రణలో చేరింది. ఫ్రెంచి స్వరకర్త గూనో తన ఆవె మరియా పాటను దాని మీదే కట్టాడు. కాబట్టి తమరు ఎవరింటికి వెళ్ళినా ఒక్క పరీక్షకు నిలబడాలి: బార్లు లెక్కపెడతాం. 36 వచ్చాయా, ష్వెంకేగారు వెంట వచ్చినట్టే.

బేతోవెన్ మూన్‌లైట్ సొనాటా మొదటి భాగంలో ఆయన రాసిందేమిటి? మొత్తం భాగమంతా డ్యాంపర్లు (తీగల మోతను ఆపే దిమ్మలు) ఎత్తి వాయించమని. నేటి పియానో మోత ఎక్కువసేపు నిలుస్తుంది గనక అలాగే వాయిస్తే అంతా కలగాపులగం అవుతుంది, నిజమే. అందుకని చాలా పాత ముద్రణల్లో స్వరగుచ్ఛం (కార్డ్) మారినప్పుడల్లా పెడల్ గుర్తు వేశారు. సలహా మంచిదే. కానీ రచయిత మాటేదో, ఎడిటరు మాటేదో తమరి పేజీ మీద ఆనవాలు ఉండదు.

షోపెన్‌తో మరీ చిక్కు. పారిస్‌లో, లైప్‌జిగ్‌లో, లండన్‌లో విడివిడిగా అచ్చేయించాడు. మూడూ అచ్చంగా ఒకటి కావు. ఓపస్ 28లోని 20వ ప్రెల్యూడ్, సి మైనరు, మొత్తం 13 బార్లు. మూడో బారు చివరి కార్డ్‌లో ఇ-ఫ్లాటా, ఇ-నేచురలా అన్న తగువు ఇంకా తెమలలేదు. మంచి ఎడిషన్ ఆ తగువును కింద నోటులో ఒప్పుకుంటుంది. తమరైతే ఏదో ఒకటి అచ్చేసుకుని, తగువే లేనట్టు నిక్షేపంగా కూర్చుంటారు.

ఇక తమరు కాగితం మీదికి దిగే వైభవం. జర్మన్ ప్రచురణ సంస్థ హెన్లే వారి నీలి అట్ట పుస్తకం వెడల్పు 23.5 సెంటీమీటర్లు, ఏ4 కాగితం 21. అంటే ఆ పేజీ ఏ4లోకి దిగితే 90 శాతం కూడా మిగలదు. స్కాను నల్ల అంచులు కత్తిరించకుండా ‘ఫిట్ టు పేజ్’ నొక్కితే ఇంకా చిక్కిపోతుంది. అప్పుడు స్వరాన్ని తుంచి వాయించమనే స్టకాటో చుక్క ఏదో, పాత కాగితం మీది మచ్చ ఏదో కనిపెట్టాలంటే భూతద్దం కావాలి. పేజీ తిప్పడం మరో ప్రహసనం. చెక్కినవాడు చేతికి కాస్త విరామం దొరికే చోట కుడి పేజీ ముగించి ఉంటాడు. అసలు పుస్తకంలో సంగీతం ఎడమ పేజీ మీద మొదలై, జిరాక్సులో అది కుడికి జరిగిందా, పేజీ తిప్పడం సరిగ్గా పదహారో వంతు స్వరాల వాన మధ్య పడుతుంది. ముందొక తెల్ల కాగితం చేరిస్తే సరిపోతుంది, ఆ మాట జిరాక్సు షాపులో ఎవరూ చెప్పరు. ఆ షాపు 75 జీఎస్‌ఎం కాగితం రెండువైపులా అచ్చేస్తే అవతలి గీతలు ఇవతలికి కనిపిస్తాయి. పైగా మా ఫ్యాను గాలికి స్టాండు మీంచి లేచి పోతుంది. 100 జీఎస్‌ఎం వేసి స్పైరల్ కుట్టించండి, కదలకుండా పడి ఉంటుంది.

ఇందుమూలంగా తమరి ఉద్యోగం మార్చడమైనది. టాబ్లెట్‌లో ఉండండి. హైడన్ సొనాటాలు ఒక్కసారి తిరగేసి చూడటానికి, ఒక ఎడిషన్‌ను మరొకదానితో పోల్చడానికి తమరే దిక్కు. దిగే ముందు ఎడిటరు పేరు, ప్రచురణ సంవత్సరం రెండూ చూపించి మరీ దిగండి. నెలల తరబడి సాధన చేసేవాటికి మాత్రం అల్మారాలో అసలు పుస్తకాలే: బాఖ్ ఇన్వెన్షన్లు, సింఫోనియాలు పదిహేనేసి, వెల్-టెంపర్డ్ మొదటి పుస్తకం, మొజార్ట్, బేతోవెన్ సొనాటాలు ఉర్‌టెక్స్ట్‌లో (రచయిత రాసిందే ఇవ్వజూసే ముద్రణలో), షోపెన్‌కు యాన్ ఎకియెర్ సంపాదకత్వం వహించిన పోలిష్ నేషనల్ ఎడిషన్, బ్రామ్స్ ఓపస్ 116 నుంచి 119 దాకా ఉన్న 20 చిన్న రచనలు. సంపుటం బరువైతే విడి సొనాటా కొనుక్కోవచ్చు, అది సిగ్గుపడే పని కాదు. నీలి అట్టకు పూజ చేయమనీ అనడం లేదు. 2014లో బుడాపెస్ట్‌లో మొజార్ట్ సొనాటా కె. 331 రాతప్రతి పేజీలు బయటపడ్డాక ఉర్‌టెక్స్ట్‌లు కూడా కొన్ని స్వరాలు దిద్దుకున్నాయి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి ఫోల్డరు యజమానులు

తా.క.: భారత చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళు ఆగాలి. షొస్తకోవిచ్ పోయింది 1975లో. కనుక ఆయన ప్రెల్యూడ్‌లు, ఫ్యూగ్‌లు పట్టుకుని 2035 ముగిసేదాకా మా గడప తొక్కవద్దు.